నేల కింద ఉన్న చమురు వేరు, ఓడ ఎక్కే చమురు వేరు

ప్రశ్న: నేను జూనియర్ కళాశాలలో ఆర్థికశాస్త్రం బోధిస్తున్నాను. ఇటీవల తరగతిలో ముడి చమురు మీద చర్చ పెట్టాను. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చమురు తీస్తున్నది అమెరికా కాబట్టి పర్షియన్ గల్ఫ్ ప్రాధాన్యం తీరిపోయిందని ఒక విద్యార్థి వాదించాడు. అందరికంటే ఎక్కువ నిల్వలు వెనిజువెలాలో ఉన్నాయి కాబట్టి ఇకముందు ప్రపంచ అవసరం తీర్చేది ఆ దేశమేనని ఒక విద్యార్థిని అన్నది. ఇద్దరూ చెప్పిన అంకెలు సరైనవే. కానీ ఇద్దరి నిర్ధారణా నాకు సరిగా తోచలేదు, ఎక్కడ తేడా వచ్చిందో విడమరచి చెప్పలేకపోయాను. గల్ఫ్ నుంచి ఒక్క బ్యారెల్ కూడా కొనని దేశంలో సైతం అక్కడ అలజడి రేగగానే ధర ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకూ తృప్తిగా జవాబివ్వలేకపోయాను. అసలు ప్రపంచ అవసరాన్ని తీరుస్తున్నది ఏ ప్రాంతం? ఈ విషయాన్ని పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పమంటారు?

సమాధానం: మీ సందేహం న్యాయమైనది. మీ విద్యార్థుల్లో ఒకరు తీసే చమురును లెక్కపెట్టారు, మరొకరు నేల కింద ఉన్న చమురును లెక్కపెట్టారు. ప్రపంచ అవసరం తీరేది మాత్రం వేరే లెక్కతో. ఒక ప్రాంతం తన సొంత వాడకం పోను ఎంత చమురును బయటికి పంపగలదు, ఆ చమురు కొనేవారి రిఫైనరీలకు సరిపడే రకమేనా, అది ఏ దారిన ప్రయాణించాలి, అవసరం పడినప్పుడు ఎంత త్వరగా మరికొంత తీయగలదు అన్న సంగతులన్నీ కలిపి చూస్తేనే ఆ ప్రాంతపు అసలు బలం తెలుస్తుంది. ఏ ఒక్క ప్రాంతమూ ప్రపంచం మొత్తానికి చమురు పోయడం లేదు. కానీ పైన చెప్పిన సంగతులన్నింటిలో కలిపి చూసినప్పుడు పర్షియన్ గల్ఫ్‌కు సాటి వచ్చే ప్రాంతం ఇప్పటికీ మరొకటి లేదని నా అభిప్రాయం.

తరగతిలో ముందుగా నిల్వల పట్టిక చూపించకండి. వాడకంతో మొదలుపెట్టండి. 2024 నాటికి ప్రపంచం రోజుకు వాడుతున్న చమురు 10 కోట్ల బ్యారెళ్లు దాటింది. ఒక బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు. సముద్రంలో తిరిగే భారీ ట్యాంకర్ నౌక ఒకటి సుమారు 20 లక్షల బ్యారెళ్లు మోస్తుంది కాబట్టి, ప్రపంచపు ఒక్క రోజు వాడకాన్ని నింపాలంటే అలాంటి నౌకలు యాభైకి పైగా కావాలి. మళ్లీ మరునాడు అంతే, ఆ మరునాడూ అంతే. ఈ సంగతి మనసుకెక్కితే చమురు విషయంలో రాశి కంటే ప్రవాహం ముఖ్యమని పిల్లలకు మీరు చెప్పకుండానే అర్థమవుతుంది. ఎక్కడో వేల కోట్ల బ్యారెళ్లు ఉండటం వల్ల ఈ రోజు నడవవలసిన లారీ నడవదు. ఈ వారం ఏదో ఒక రేవులో చమురు ఓడలోకి ఎక్కితేనే, కొన్ని వారాల తరవాత ఏదో ఒక రిఫైనరీలో అది డీజిల్‌గా మారుతుంది.

ఇప్పుడు అమెరికా సంగతి చూద్దాం. ఆ దేశం 2024లో రోజుకు సగటున 1.32 కోట్ల బ్యారెళ్ల ముడి చమురు తీసింది. అప్పటివరకు చరిత్రలో ఏ దేశమూ అంత తీయలేదు. అయితే ఆ దేశపు వాడకం రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్లు. సహజవాయువుతో పాటు వచ్చే ద్రవాలను, జీవ ఇంధనాలను కూడా కలుపుకొని, ముడి చమురు, పెట్రోలు, డీజిల్ వంటివన్నీ ఒకే ఖాతాలో వేసి చూస్తే, 2020 నుంచి అమెరికా కొనేదానికంటే అమ్మేది ఎక్కువగా ఉంటోంది. ఈ మాట నిజమే అయినా, అదే దేశం ఇప్పటికీ రోజుకు 60 లక్షల బ్యారెళ్లకు పైగా ముడి చమురును బయటి నుంచి తెచ్చుకుంటోంది. అందులో సగానికి పైగా కెనడా నుంచే వస్తుంది. తన చమురును ఒక చేత్తో అమ్ముతూ మరో చేత్తో పరాయి చమురును ఎందుకు కొంటున్నదని తరగతిలో అడిగి చూడండి. అమెరికా గురించి మీరు చెప్పవలసినదంతా ఈ ప్రశ్నకు వచ్చే జవాబులో ఉంది.

కారణం చమురు రకంలో ఉంది. ముడి చమురు అంతా ఒక్కటి కాదు. పలుచగా, తేలికగా ఉండేది ఒకటి, చిక్కగా బరువుగా ఉండేది మరొకటి. గంధకం తక్కువగా ఉన్న చమురును శుద్ధి చేయడం సులువు, ఎక్కువగా ఉన్నదానికి అదనపు యంత్రాలు కావాలి. టెక్సాస్, న్యూమెక్సికో రాష్ట్రాల్లో విస్తరించిన పెర్మియన్ బేసిన్ అనే చమురు ప్రాంతం నుంచి వచ్చే షేల్ చమురు, అంటే షేల్ అనే గట్టి రాతి పొరలను పగలగొట్టి తీసే చమురు, తేలిక రకం. దాన్నుంచి పెట్రోలు, నాఫ్తా ఎక్కువగా వస్తాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలోని పెద్ద రిఫైనరీలు మాత్రం షేల్ వెల్లువ రాకముందే, వెనిజువెలా, మెక్సికోల నుంచి వచ్చే బరువైన, గంధకం ఎక్కువగా ఉన్న చమురును దృష్టిలో పెట్టుకొని భారీ ఖర్చుతో కోకింగ్ యూనిట్లు, అంటే బరువైన చమురును విరగగొట్టే యంత్రాలు, కట్టుకున్నాయి. బరువైన చమురు చవకగా దొరుకుతుంది, దాన్ని విరగగొట్టి డీజిల్ తీస్తే లాభం వస్తుంది అన్నది అప్పటి లెక్క. ఆ యంత్రాలను పక్కన పెట్టి తేలిక చమురు ఒక్కదాన్నే పోస్తే రిఫైనరీ పూర్తి సామర్థ్యంతో నడవదు. కాబట్టి తేలిక చమురు ఎగుమతికి పోతుంది, బరువైనది దిగుమతిగా వస్తుంది. 1975 నుంచి అమలులో ఉన్న ముడి చమురు ఎగుమతి నిషేధాన్ని అమెరికా 2015 డిసెంబరులో ఎత్తివేయకపోయి ఉంటే, ఇంత షేల్ చమురు తీసి ఏం చేసుకోవాలో ఆ దేశానికే తెలిసేది కాదు.

షేల్ బావులకు మరో లక్షణం ఉంది. సంప్రదాయ బావి ఏళ్ల తరబడి నిదానంగా తగ్గుతూ వస్తుంది. షేల్ బావి నుంచి వచ్చే చమురు మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. ఉన్న ఉత్పత్తిని నిలుపుకోవడానికే కొత్త బావులు తవ్వుతూ పోవాలి. అక్కడ తవ్వేది ప్రైవేటు సంస్థలు. ధర బాగుంటే తవ్వుతాయి, పడిపోతే యంత్రాలను పక్కన పెడతాయి. 2020లో మహమ్మారి వల్ల గిరాకీ కుప్పకూలినప్పుడు కొద్ది నెలల్లోనే అమెరికా ఉత్పత్తి రోజుకు సుమారు 30 లక్షల బ్యారెళ్లు తగ్గింది. ప్రపంచానికి కొరత వచ్చిన వారంలోనే కుళాయి తిప్పి అదనపు చమురు వదలగల ఏర్పాటు ఆ వ్యవస్థలో లేదు. ఎవరూ దాన్ని ఆ పని కోసం కట్టలేదు. ధర పెరిగిన కొన్ని నెలలకు ఉత్పత్తి పెరుగుతుంది, అంతకంటే ముందు పెరగదు.

వెనిజువెలా ప్రస్తావన తెచ్చిన విద్యార్థినికి జవాబు చెప్పడం ఇంకా సులువు. 30,000 కోట్ల బ్యారెళ్లకు పైగా ఉన్న నిల్వలతో పట్టికలో ఆ దేశం మొదటి స్థానంలో ఉంది, సౌదీ అరేబియా దాని తరవాతే. కానీ ఆ అంకె 2010 ప్రాంతంలో ఒక్కసారిగా ఎలా పైకి లేచిందో ఆమెను వెతకమనండి. అప్పుడు కొత్తగా నేల కింద చమురు పుట్టలేదు. ధరలు పెరగడంతో ఒరినోకో నదీ ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉన్న అతి బరువైన చమురును తీయడం గిట్టుబాటవుతుందని లెక్కగట్టి నిరూపిత నిల్వల్లో చేర్చారు. ఆ చమురు తారులాగా చిక్కగా ఉంటుంది. దానంతట అది పైపులో పారదు. నాఫ్తా వంటి పలుచని ద్రవాన్ని కలిపి పలుచన చేయాలి, లేదా ప్రత్యేక కర్మాగారంలో దాన్ని తేలిక చమురుగా మార్చాలి. అంటే చమురు ఎగుమతి చేయడానికి ఆ దేశం ముందుగా పలుచన చేసే ద్రవాన్ని సంపాదించుకోవాలి, కొన్నిసార్లు దిగుమతి చేసుకోవాలి. 2002-03 సమ్మె తరవాత ప్రభుత్వ చమురు సంస్థ వేల సంఖ్యలో అనుభవజ్ఞులైన ఉద్యోగులను తొలగించింది, ఆ తరవాతి ఏళ్లలో పెట్టుబడి తగ్గింది, 2019లో అమెరికా ఆంక్షలు ఆ సంస్థ మీద పడ్డాయి. 1990ల చివరలో రోజుకు 30 లక్షల బ్యారెళ్లు దాటిన ఉత్పత్తి 2020 మధ్యనాటికి 5 లక్షల కంటే తక్కువకు దిగి, తరవాత కొంత కోలుకొని 2024లో సుమారు 9 లక్షల దగ్గర ఉంది. ఈ కాలమంతా నిల్వ మాత్రం అక్కడే ఉంది.

దీన్ని కెనడాతో పోల్చి చెబితే బోధన బలంగా ఉంటుంది. అల్బర్టా రాష్ట్రంలోని చమురు ఇసుకలు కూడా దాదాపు అదే స్వభావం కలవి, తీయడానికి ఎంతో శక్తి, ఖర్చు అవసరమైనవి. అయినా స్థిరమైన పెట్టుబడి ఉండటం వల్ల కెనడా రోజుకు 50 లక్షల బ్యారెళ్ల స్థాయికి చేరింది. దానికి వచ్చిన చిక్కు దారి విషయంలో. అల్బర్టాకు సముద్రం లేదు. పైపులైన్లన్నీ దాదాపుగా అమెరికా వైపే పోవడంతో కొనేవాడు ఒక్కడే అయ్యాడు, కెనడా బరువు చమురు ఏళ్ల తరబడి చాలా తక్కువ ధరకు అమ్ముడుపోయింది. రోజుకు 8.9 లక్షల బ్యారెళ్లను పసిఫిక్ తీరానికి చేర్చగల ట్రాన్స్ మౌంటెన్ పైపులైన్ విస్తరణ 2024 మే నెలలో పని మొదలుపెట్టాక ఆ ధర వ్యత్యాసం గణనీయంగా తగ్గింది. చమురు అదే, బావులు అవే, అదనంగా వచ్చింది ఒక దారి మాత్రమే.

దారి లేకపోతే ఏమవుతుందో 2020 ఏప్రిల్ 20న మరింత తీవ్రంగా కనిపించింది. అమెరికా ప్రామాణిక చమురు డబ్ల్యూటీఐ ఒప్పందాల ప్రకారం సరుకు అప్పగించే చోటు ఒక్లహామా రాష్ట్రంలోని కుషింగ్ పట్టణం. అది సముద్రానికి దూరంగా, నేల నడిమధ్య ఉంది. గిరాకీ పడిపోయి అక్కడి ట్యాంకుల్లో ఖాళీ దొరకని స్థితి వచ్చేసరికి, మే నెలలో సరుకు తీసుకోవలసిన ఒప్పందం చేతిలో ఉన్నవారు సరుకు తీసుకోలేక ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు. ఆ రోజు ధర మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. అదే రోజున సముద్రం మీద ఓడలో ఎక్కించుకోగలిగే, ఉత్తర సముద్రపు ప్రామాణిక చమురు బ్రెంట్ ధర పాతిక డాలర్ల ప్రాంతంలో ఉంది.

ఇక గల్ఫ్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగమని మిమ్మల్ని కోరుతున్నాను. సౌదీ అరేబియా, ఇరాక్, ఇరాన్, ఐక్య అరబ్ ఎమిరేట్స్, కువైట్‌లలో చమురు తీసే ఖర్చు ప్రపంచంలోకెల్లా తక్కువ. ఈ దేశాలన్నింటినీ కలిపి చూస్తే సొంత వాడకం ఉత్పత్తితో పోలిస్తే తక్కువ కాబట్టి తీసినదానిలో ఎక్కువ భాగం బయటికి పోతుంది. అక్కడి చమురులో చాలా భాగం మధ్య రకం, గంధకం ఉన్నదే అయినా డీజిల్ బాగా ఇచ్చేది. ఆసియాలోని పెద్ద రిఫైనరీలెన్నో ఈ రకానికి తగినట్టుగా కట్టినవి. ఈ చమురు బయటికి వచ్చే ముఖ్యమైన ద్వారం హర్ముజ్ జలసంధి. అత్యంత ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. నౌకలు రావడానికీ పోవడానికీ కేటాయించిన దారులు ఒక్కొక్కటి మూడు నాలుగు కిలోమీటర్ల వెడల్పు మాత్రమే. 2024లో ఈ దారిన రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల ముడి చమురు, చమురు ఉత్పత్తులు వెళ్లాయి. అంటే ప్రపంచ వాడకంలో దాదాపు ఐదో వంతు. దారిన పోయే ముడి చమురులో అయిదింట నాలుగు వంతులకు పైగా ఆసియా దేశాలకే చేరుతుంది.

పక్కదారి లేదా అని పిల్లలు అడుగుతారు. ఉంది, కానీ చాలదు. సౌదీ అరేబియా తూర్పు భాగంలో ఉన్న అబ్కైక్ నుంచి ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న యాన్బు వరకు సుమారు 1,200 కిలోమీటర్ల పైపులైన్ ఉంది. దాని సామర్థ్యం రోజుకు 50 లక్షల బ్యారెళ్లు, అవసరమైతే 70 లక్షల వరకు పెంచగలరు. ఎమిరేట్స్‌కు హబ్షాన్ నుంచి, హర్ముజ్‌కు బయట ఉన్న ఫుజైరా రేవుకు వెళ్లే పైపులైన్ 2012 నుంచి నడుస్తోంది. దాని సామర్థ్యం రోజుకు 15 లక్షల బ్యారెళ్లకు కాస్త పైన. ఈ రెండూ నిండుగా నడిచినా హర్ముజ్ దారిన పోయేదానిలో సగాన్ని మోయలేవు. అందులోనూ కొంత సామర్థ్యం మామూలు రోజుల్లోనే వాడుకలో ఉంటుంది. కువైట్‌కు, ఖతర్‌కు వేరే సముద్రమే లేదు. యాన్బు నుంచి బయలుదేరిన చమురు ఆసియాకు రావాలంటే ఎర్ర సముద్రపు దక్షిణ ద్వారమైన బాబ్ ఎల్ మండెబ్ జలసంధి దాటాలి. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో నౌకల మీద దాడులు మొదలయ్యాక ఎన్నో ఓడలు ఆ దారి వదిలి ఆఫ్రికా దక్షిణ కొన చుట్టూ తిరిగి పోయాయన్నది గుర్తుంచుకోవాలి.

ఇంతకంటే ముఖ్యమైనది మిగులు సామర్థ్యం. బావులు, పైపులు, యంత్రాలు సిద్ధంగా ఉండి, కావాలని తక్కువ తీస్తూ, అవసరమైతే నెల రోజుల్లోపు పెంచి కనీసం మూడు నెలల పాటు కొనసాగించగల ఉత్పత్తికే ఈ పేరు. ఏ ప్రైవేటు సంస్థా కోట్ల డాలర్లు పెట్టి బావి తవ్వి, దాన్ని వాడకుండా అట్టిపెట్టుకోదు. ప్రభుత్వ సంస్థలకే అది సాధ్యం, వాటిలోనూ కొద్ది దేశాలకే. సౌదీ అరేబియా రోజుకు 1.2 కోట్ల బ్యారెళ్లు తీయగల సామర్థ్యం పెట్టుకొని, చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్, దానితో కలిసిన రష్యా వంటి దేశాలు (ఒపెక్ ప్లస్) ఒప్పుకున్న కోతల్లో భాగంగా 2024లో సుమారు 90 లక్షలే తీసింది. ఎమిరేట్స్ దగ్గర, ఇరాక్, కువైట్‌ల దగ్గర మరికొంత ఉంది. ప్రపంచంలోని మిగులు సామర్థ్యంలో అధిక భాగం ఇదే. ప్రపంచంలో ఎక్కడైనా, లిబియాలో అంతర్యుద్ధం వల్ల కావచ్చు, నైజీరియాలో పైపులైన్ల దోపిడీ వల్ల కావచ్చు, రోజుకు పది లక్షల బ్యారెళ్లు ఆగిపోతే ఆ లోటు పూడ్చడానికి అందరూ చూసేది ఈ దేశాల వైపే.

ఇక్కడే నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం ఉంది. లిబియా చమురు ఆగితే గల్ఫ్ ఆదుకోగలదు. గల్ఫ్ చమురే ఆగితే ఆదుకోవలసిన మిగులు కూడా అదే జలసంధికి లోపల చిక్కుకుంటుంది. ప్రమాదమూ దానికి మందూ ఒకే గదిలో ఉన్నాయి. అమెరికా ఎంత తీసినా, దక్షిణ అమెరికాలోని గయానా ఎంత తీసినా ఈ చిక్కు తీరలేదు. మీ మొదటి విద్యార్థి వాదనలో లోపించినది ఈ ఒక్క సంగతి.

దీనికి దగ్గరి ఉదాహరణ కావాలంటే 2019 సెప్టెంబరు 14న జరిగినది చెప్పండి. ఆ శనివారం తెల్లవారుజామున డ్రోన్లు, క్షిపణులు అబ్కైక్ కర్మాగారం మీద, ఖురైస్ చమురు క్షేత్రం మీద పడ్డాయి. అబ్కైక్‌లో చమురు బావులు ముఖ్యం కాదు. బావుల నుంచి వచ్చిన చమురులో కరిగి ఉన్న వాయువులను, ముఖ్యంగా విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తీసివేసి, ఓడల్లో ప్రమాదం లేకుండా నిలవ ఉండేట్టు చేసే చోటు అది. ఆ పని జరగని చమురును ఓడలో ఎక్కించలేరు. దాడితో రోజుకు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఆగింది. అంటే సౌదీ ఉత్పత్తిలో సగానికి పైగా, ప్రపంచ సరఫరాలో సుమారు 5 శాతం. నేల కింద ఒక్క బ్యారెల్ కూడా తగ్గలేదు, బావులు చాలావరకు క్షేమంగానే ఉన్నాయి, అయినా సోమవారం మార్కెట్ తెరవగానే బ్రెంట్ ధర దాదాపు 20 శాతం ఎగిరి, చివరికి సుమారు 15 శాతం పెరుగుదలతో ముగిసింది. సౌదీ సంస్థ తన నిల్వ ట్యాంకుల నుంచి కొనుగోలుదారులకు సరుకు పంపుతూ, మరమ్మతులను వేగంగా ముగించడంతో నెలాఖరుకు ధర దాదాపు పాత స్థాయికి వచ్చింది. ఎన్నో బావులకు ఒకే కర్మాగారం ఆధారమైనప్పుడు ప్రాంతపు బలం ఎంత సున్నితమైనదో, మరమ్మతు చేసే నైపుణ్యం, చేతిలోని నిల్వ ఎంత విలువైనవో ఈ రెండు వారాలు చూపించాయి.

మీరు జవాబివ్వలేకపోయానన్న ప్రశ్నకు వస్తాను. గల్ఫ్ నుంచి ఏమీ కొనని దేశంలో ధర ఎందుకు పెరుగుతుంది? సముద్రం మీద తిరిగే చమురంతా ఒకే చెరువు నీరు వంటిది. ఏ కాలువ నుంచి వచ్చే నీరు ఆగినా మట్టం అందరికీ ఒకేసారి తగ్గుతుంది. గల్ఫ్ చమురు అందని ఆసియా రిఫైనరీ చేతులు ముడుచుకొని కూర్చోదు. పశ్చిమ ఆఫ్రికా, బ్రెజిల్, అమెరికా చమురుకు ఎక్కువ ధర పెట్టి పోటీకి వస్తుంది. అప్పటివరకు ఆ చమురును కొంటున్న ఐరోపా రిఫైనరీ కూడా ధర పెంచక తప్పదు. ఇదంతా కొద్ది గంటల్లో జరిగిపోతుంది. పైగా 2023 నుంచి బ్రెంట్ ప్రామాణిక ధరను లెక్కగట్టే చమురు రకాల్లో టెక్సాస్ నుంచి వచ్చే డబ్ల్యూటీఐ మిడ్‌ల్యాండ్‌ను కూడా చేర్చారు. ఉత్తర సముద్రపు పేరు మోసే ధరను ఈనాడు చాలా రోజుల్లో అట్లాంటిక్ దాటి వచ్చిన చమురే నిర్ణయిస్తోంది. ప్రాంతాలు ఇంతగా ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాక, మేము ఫలానా చోట కొనము అన్నంత మాత్రాన ధర నుంచి ఎవరూ తప్పించుకోలేరు.

రష్యా ఉదంతం ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చూపిస్తుంది. 2022 డిసెంబరులో ఐరోపా సమాఖ్య సముద్ర మార్గాన వచ్చే రష్యా ముడి చమురును నిషేధించింది, జీ7 దేశాలు బ్యారెల్‌కు 60 డాలర్ల పరిమితి విధించాయి. రష్యా చమురు మాయమైపోతుందని చాలామంది భయపడ్డారు. అది మాయం కాలేదు, దారి మార్చుకుంది. బాల్టిక్ రేవుల నుంచి కొద్ది రోజుల్లో ఐరోపా రేవులకు చేరే యూరల్స్ అనే రష్యా రకం చమురు వారాల తరబడి ప్రయాణించి భారత్, చైనా రిఫైనరీలకు చేరింది. అక్కడికి పోవలసిన గల్ఫ్ చమురులో కొంత, అమెరికా చమురు మరింత ఐరోపా వైపు మళ్లాయి. మొత్తం పరిమాణం పెద్దగా మారలేదు. ప్రయాణ దూరం, ఓడ అద్దె, బీమా, ఎవరికి ఎంత తగ్గింపు అన్నవి మారాయి.

కొత్త ప్రాంతాల గురించి కూడా తరగతిలో చర్చ వచ్చే ఉంటుంది. గయానా కథ నిజంగా ఆశ్చర్యకరమైనది. 2015లో సముద్రగర్భంలో చమురు దొరికింది, 2019 డిసెంబరులో ఉత్పత్తి మొదలైంది, 2024 నాటికి రోజుకు 6 లక్షల బ్యారెళ్లు దాటింది. పది లక్షల జనాభా కూడా లేని దేశం కాబట్టి దాదాపు అంతా ఎగుమతికే. బ్రెజిల్‌లో సముద్రం అడుగున ఉప్పు పొర కింద దొరికిన చమురు, నార్వేలో 2019లో మొదలైన యోహాన్ స్వెర్‌డ్రప్ క్షేత్రం కూడా చెప్పుకోదగ్గవే. వీటి వల్ల మేలు లేదని నేను అనను. కానీ ఇవన్నీ పెట్టుబడి తిరిగి రావాలన్న తొందరలో ఎప్పుడూ పూర్తి సామర్థ్యంతోనే నడుస్తాయి. ఆపదలో వదలడానికి వీటి దగ్గర మిగులు ఉండదు. మరోవైపు పాత క్షేత్రాలు ఏటా తరిగిపోతూనే ఉంటాయి. మెక్సికోలోని కాంటరెల్ క్షేత్రం 2004 ప్రాంతంలో రోజుకు 20 లక్షల బ్యారెళ్లు ఇచ్చి, పదేళ్లలోపే అందులో నాలుగో వంతు కూడా ఇవ్వలేని స్థితికి వచ్చింది. 1988లో రోజుకు 20 లక్షల బ్యారెళ్లు ఇచ్చిన అలాస్కా ఇప్పుడు 4 లక్షల ప్రాంతంలో ఉంది. కొత్త ప్రాంతం నుంచి వచ్చే ప్రతి లక్ష బ్యారెళ్లలో కొంత భాగం ముందుగా ఇలాంటి తరుగును పూడ్చడానికే పోతుంది, మిగిలినదే పెరిగిన గిరాకీకి అందుతుంది.

దిగుమతి దేశాల అత్యవసర నిల్వలను కూడా విడిచిపెట్టకండి, ఎందుకంటే వాటిని నేల కింది నిల్వలతో కలిపి గందరగోళపడేవారు చాలామంది. 1973 నాటి చమురు ఆంక్షల తరవాత, 1974లో ఏర్పడిన అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్య దేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సరిపడే చమురును నిల్వ ఉంచాలని నియమం పెట్టింది. 2022లో ఆ దేశాలు రెండు విడతలుగా విడుదల చేయడానికి అంగీకరించినది 18 కోట్ల బ్యారెళ్లకు పైగా. ప్రపంచ వాడకంతో పోల్చి ఇది రెండు రోజులకు కూడా రాదని తేలిగ్గా కొట్టిపారేసేవారున్నారు. ఆ పోలిక తప్పు. ప్రపంచానికి చమురంతా ఒక్కసారిగా ఆగిపోదు. ఏదో ఒక ప్రాంతం నుంచి రోజుకు 10 లక్షల బ్యారెళ్లు ఆగితే ఆ 18 కోట్లు ఆరు నెలలు లోటు పూడుస్తాయి. రోజుకు కోటి బ్యారెళ్లు ఆగితే మూడు వారాలు కూడా రావు. ఏ ప్రవాహం ఎంత ఆగిందన్నదాన్ని బట్టే నిల్వ పెద్దదో చిన్నదో తేలుతుంది. ఈ భాగహారాన్ని పిల్లలచేత బోర్డు మీద చేయించండి.

చెప్పే వరుస గురించి అడిగారు కాబట్టి నా సలహా ఇది. మొదటి రోజు రోజువారీ వాడకం, ఓడల లెక్క. మరునాడు గోడ మీద ప్రపంచ పటం పెట్టి, తీసే చోటు నుంచి వాడే చోటికి గీతలు గీయించి, ఆ గీతలు ఎక్కడెక్కడ ఇరుకు దారుల్లో కలుస్తున్నాయో వాళ్లనే గుర్తించనివ్వండి. హర్ముజ్, మలక్కా, బాబ్ ఎల్ మండెబ్, సూయజ్ వాళ్లకే కనిపిస్తాయి. ఆ తరవాత రకం సంగతి, చివరగా మిగులు సామర్థ్యం. నిల్వల పట్టిక ఇవన్నీ అయ్యాకే చూపించండి. అప్పుడు దాన్ని ఎలా చదవాలో వాళ్లకు తెలిసి ఉంటుంది. ఈ పాఠానికి ఒపెక్ చరిత్ర ఒక పది నిమిషాలు చాలు. 1960లో బాగ్దాద్‌లో అయిదు దేశాలతో మొదలైందని, 2016 చివర రష్యా వంటి దేశాలతో ఒప్పందం కుదిరి ఒపెక్ ప్లస్ అయిందని, ఎవరు ఎంత తీయాలో కలిసి నిర్ణయించడమే దాని పని అని చెబితే సరిపోతుంది.

అంకెల కోసం అమెరికా ఇంధన సమాచార సంస్థ, అంతర్జాతీయ ఇంధన సంస్థ, ఒపెక్ ప్రచురించే నెలవారీ నివేదికలను చూడండి. మూడింటిలో ఒకే దేశానికి వేర్వేరు అంకెలు కనిపిస్తే కంగారుపడకండి. కొన్ని పట్టికలు ముడి చమురును మాత్రమే లెక్కిస్తాయి, కొన్ని సహజవాయువు ద్రవాలను, జీవ ఇంధనాలను కూడా కలుపుతాయి. అమెరికా ఉత్పత్తి ఒకచోట 1.3 కోట్లుగా, మరొకచోట 2 కోట్లకు పైగా కనిపించేది ఇందువల్లనే. ఒపెక్ దేశాల కోటాలు ముడి చమురుకు మాత్రమే వర్తిస్తాయి, కండెన్సేట్ అనే అతి తేలికైన ద్రవం వాటిలో చేరదు. కాబట్టి ఒపెక్ దేశపు కోటాను, మరో దేశపు మొత్తం ద్రవ ఇంధనాల ఉత్పత్తిని పక్కపక్కన పెట్టి ఎవరిది ఎక్కువని పోల్చనివ్వకండి. పట్టిక పైన ఏ శీర్షిక ఉందో, అడుగున ఏ వివరణ ఉందో ముందుగా చదివించి, ఆ తరవాతే చర్చకు దిగనివ్వండి.